మమత నోరు తెరిచిన రోజు

తెల్లవారకముందే లింగవ్వ వాకిలి ఊడ్చి కల్లాపి చల్లేసింది. ఆమె కొడుకు హరీష్ మూడేళ్ల తర్వాత మస్కట్ నుంచి వస్తున్నాడు. హైదరాబాద్‌లో విమానం దిగాను, కారెక్కాను అని ఫోన్ కూడా చేశాడు. ధర్మపురి పక్కనున్న ఆ ఊళ్లో ఎదురుపడిన ప్రతి ఒక్కరికీ ఆ సంగతి చెప్పి వచ్చింది లింగవ్వ.

"పిల్లా, కూర ఉడికిందా? ఆడు కరీంనగర్ దాటిండట. జర జల్ది కానియ్యి."

వంటింట్లో కోడలు మమతారాణి తలూపింది. ఆమె కూడా పొద్దుటి నుంచి ఎదురుచూస్తూనే ఉంది. కానీ నోరు తెరిస్తే ప్రాణం పోతోంది. పైవరసలో కోరపన్నుకు ముందున్న పన్ను నెల రోజులుగా పీడిస్తోంది. మొదట్లో చల్లటి నీళ్లు తగిలితే జివ్వుమనేది. లవంగం అదిమి పెడితే కాసేపు ఊరుకునేది. మధ్యలో నొప్పి పూర్తిగా పోయింది. "తగ్గింది అత్తమ్మా" అని సంబరంగా చెప్పింది కూడా. నిన్న మళ్లీ మొదలైంది. ఈ ఉదయానికి బుగ్గ ఉబ్బింది. కొంగు తలమీదుగా లాక్కుని చెంప కప్పుకుంది.

కారు వాకిట్లో ఆగగానే వాడకట్టంతా చేరింది. లింగవ్వ కొడుక్కి దిష్టి తీసి, బుగ్గలు నిమిరి, ఏడ్చి, నవ్వింది. హరీష్ కళ్లు మాత్రం గుమ్మం వైపే వెతికాయి. మమత చెంబుతో నీళ్లిచ్చి తల దించుకుంది.

"మంచిగున్నవా?" అన్నాడు. ఆమె తలూపి లోపలికి వెళ్లిపోయింది.

తల్లి బలవంతం మీద కారు డ్రైవర్ కూడా అరుగు మీద భోజనానికి కూర్చున్నాడు. లోపల హరీష్ "నువ్వు గుడ కూసో" అంటే మమత వద్దన్నట్టు చెయ్యి ఊపింది. లింగవ్వకు ఇక ఓపిక నశించింది.

"మూడేండ్లకు వచ్చిండు మొగడు. గా మూతి ముడుసుకునుడేందే? ఒక్క మాట లేదు, ఒక్క నవ్వు లేదు. ఊరోళ్లు ఏమనుకుంటరు?"

"నువ్వు ఊకో అవ్వా," అని హరీష్ కంచం పక్కకు జరిపాడు. "మమతా, నేను గుడ చూస్తున్న. నెల సంది వీడియో కాల్ చేస్తే కట్ చేసి ఉత్త ఫోన్ చేస్తవు. ఊ అంటవు, పెట్టేస్తవు. నేను వచ్చుడు నీకు ఇష్టం లేదా? ఉన్నదున్నట్టు చెప్పు."

ఆ మాట పంటినొప్పి కంటే ఎక్కువ నొప్పించింది. "గట్లనకు" అనబోయింది మమత. మాట సగంలోనే మూలిగి, గోడకు ఆనుకుని కూలబడింది. కొంగు జారింది. వాపు కంటి కింది దాకా పాకి ఉంది. హరీష్ ఆమె నుదుటి మీద చెయ్యి వేశాడు. కాలిపోతోంది.

"ఏమైందే నీకు? నాకు చెప్పద్దా?"

"చెప్తే పీకిపిస్తరు," అంటూ మమత ఏడ్చింది. "పీకిపిచ్చుకుంటే పీడ పోతదని అత్తమ్మ అన్నది. అందరు గదే అన్నరు. నవ్వితే కనవడే పన్ను. ఇన్నేండ్లకు నువ్వు వస్తుంటే తొర్రినోటితోని ఎట్ల ఎదురు రావాలె? నువ్వు వచ్చినంక కొన్నొద్దులు ఆగి పీకిపిచ్చుకుందామనుకున్న."

హరీష్ గబగబా చెయ్యి కడుక్కుని బయటికి వెళ్లాడు. "అన్నా, జగిత్యాల దాకా పోవాలె. కారు తియ్యి," అన్నాడు. ఎవరూ పిలవకముందే లింగవ్వ వెళ్లి కారులో కోడలి పక్కన కూర్చుంది.

జగిత్యాలలో పళ్ల డాక్టర్ నవీన ఎక్స్‌రే తీసి చూసింది.

"పీకుడేనా మేడం?" అన్నాడు హరీష్.

"ఎందుకు పీకాలె? పన్ను గట్టిగనే ఉంది. పాచిల ఉండే క్రిములు తీపి తిని పన్నును కరగదీస్తయి. ఆ రంధ్రం నరం దాకా పోతే గీ నొప్పి." మమత వైపు తిరిగింది. "మధ్యల తగ్గిందన్నవు కదమ్మా. అప్పుడు తగ్గలే, లోపల నరం చచ్చిపోయింది. తర్వాత వేరు కింద చీము పట్టింది. లవంగం జరసేపు మొద్దుబరుస్తది, గంతే. వాపు, జ్వరం వచ్చినంక ఇంట్ల కూసుంటే పాణం మీదికి వస్తది. ఇయ్యాల చీము తీసి మందులిస్త. వాపు దిగినంక వేరును సాఫ్ చేసి నింపి, పైన తొడుగు వేస్తం. నీ పన్ను నీకే ఉంటది."

మత్తు సూది గుచ్చి, పన్నుకు సన్నగా దారి చేసి చీము తీయగానే మమత గట్టిగా ఊపిరి వదిలింది. నెల రోజుల బరువు దిగినట్టుంది. కుర్చీ దిగుతూనే, మొద్దుబారిన పెదవితో హరీష్‌ను ప్రయాణం ఎట్లా అయిందో, ఎందుకు చిక్కిపోయాడో అడగడం మొదలుపెట్టింది. సగం మాటలు వంకరగా వస్తున్నాయి. అతను నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాడు.

లింగవ్వ మాత్రం గోడవారగా నిలబడి ఉంది. పళ్లు లేని నోటిని చేత్తో కప్పుకుని మెల్లగా అడిగింది.

"గట్లయితే మేడం, నాయి గుడ పీకకుంట ఆగుతుండెనా?"

డాక్టర్ ఆమె వైపు తిరిగింది. "కొన్నన్న ఆగుతుండె అవ్వా."

లింగవ్వ బల్ల మీద కూర్చుండిపోయింది. "నొచ్చినప్పుడల్లా పోయి ఒక్కొక్కటి పీకిపిచ్చుకున్న. పన్ను నొస్తే పీకుడే అనుకున్న. ఇంకో తొవ్వ ఉన్నదని నాకెవ్వలు చెప్పలే. నాకెర్కున్నదే నీకు చెప్పిన బిడ్డా. నొప్పితోని ఉన్నదానివి, నిన్ను తిట్టిన."

మమత వచ్చి ఆమె పక్కన కూర్చుంది. కన్నీళ్లు తుడిచి చెయ్యి పట్టుకుని లేపింది.

"మేడం, మా అత్తమ్మ నోరు గుడ జర చూడుండ్రి. కట్టుడు పండ్లు పెట్టొచ్చు కదా?"

"గీ వయసుల నాకెందుకే?" అంది లింగవ్వ.

"మక్కకంకులు కొరికి ఎన్నేండ్లయింది అత్తమ్మా?"

లింగవ్వ కొడుకు వైపు ఒకసారి చూసి, భయపడుతూనే కుర్చీ ఎక్కి నోరు తెరిచింది. ఆమె చేతిని మమత రెండు చేతులతో పట్టుకుంది.

"నొయ్యది అత్తమ్మా. నేనీడనే ఉన్న."