అత్తగారి బొటనవేలు

టిఫిన్లు కాగానే అత్తగారు కుట్టుమిషన్ సొరుగు లాగింది. కత్తెర లేదు. మొగుణ్ణయినా అరువిస్తుందేమో గానీ కత్తెర మాత్రం ఇవ్వదని ఇంట్లో పేరుపడ్డ మనిషి ఆవిడ. దాంతో గుడ్డ తప్ప కాగితం ముక్క కోసినా ఇల్లు పీకి పందిరేస్తుంది.

"ఎవరు తీశారు నా కత్తెర?"

"నేను మాత్రం కాదు. దాన్ని చూస్తేనే నాకు భయం" అన్నారు భర్త, పేపరు చాటు నుంచి.

అన్నాక నాలుక కరుచుకున్నారు. కిందటి నెల ఆయన బాత్రూంలో జారిపడ్డారు. మోకాలు వాచి ప్యాంటు విప్పడం కుదరకపోతే, ఆ కత్తెరతో ఆవిడే దాన్ని చీల్చింది. కంగారులో మొన పిక్కలో దిగింది. మోకాలు నయమైంది గానీ, ఆ మచ్చ కంటపడినప్పుడల్లా ఆవిడ ప్రాణం చివుక్కుమంటూనే ఉంది.

అంతలో కోడలు వచ్చింది. ఆ అమ్మాయి అంబులెన్సులో నర్సు. సంచిలోంచి ముందు అత్తగారి కత్తెర, తర్వాత కొన వంగి మొద్దుగా ఉన్న కొత్త కత్తెర తీసి బల్లమీద పెట్టింది.

"చెప్పకుండా తీస్తావా అమ్మాయ్?"

"రాత్రి డ్యూటీకి వెళ్లేసరికి మీరు పడుకున్నారని లేపలేదత్తయ్యా. మనింట్లో ఎమర్జెన్సీ పెట్టెలోకి కత్తెర కొందామని..."

"అలా చెప్పు! బట్టలు కుట్టి ఈ ఇల్లు నిలబెట్టిన చెయ్యి ఇది. దీని మీద నమ్మకం పోయి మొన లేని కత్తెర తెచ్చావన్నమాట!"

"నమ్మకం లేకపోతే మీ కత్తెర మోసుకుని కొట్టుకెందుకు వెళ్తాను? ముందు ఈ కొత్తదాని పిడిలో వేలు పెట్టి చూడండి."

మూతి ముడుచుకునే పెట్టింది ఆవిడ. ఏళ్లతరబడి గుడ్డ కోసి కోసి కణుపు ఉబ్బిన బొటనవేలు అది. బయటి కత్తెర ఏది పట్టినా ఇరుక్కుపోతుంది. ఇందులో మాత్రం హాయిగా దూరింది.

"తళతళలాడే కత్తెరొకటి చూపించారు. మందపాటి జీన్స్ ముక్క కోసేసరికి సీల వదులైపోయింది. ఇంకోటి గట్టిదే గానీ పిడి ఇరుకు. మీ కత్తెర పిడితో కొలిచి చూసి మరీ ఇది తెచ్చాను. నేను డ్యూటీలో ఉంటే మావయ్యకి మీరే కదా దిక్కు!"

అత్తగారు ఆ మొద్దు కొనను వేలితో తడిమి చూసింది. "మళ్లీ గుచ్చుకుంటేనో?" అంది మెల్లగా.

భర్త లేచి వెళ్లి, పాత జీన్స్ తొడుక్కొచ్చి, కాలు స్టూలు మీద పెట్టారు.

"కొయ్యి. ఈసారి గుచ్చావో, నేను పుట్టింటికి పోతాను."

కోడలు పక్కనే కూర్చుంది. "కొనని చర్మానికి ఆనించి, అలా ముందుకు తోసుకుంటూ పోండి అత్తయ్యా."

చీలమండ దగ్గర మొదలుపెట్టింది ఆవిడ. మందపాటి అంచు కరకరా తెగింది. మొద్దు కొన పిక్క మీద జారుకుంటూ, పాత మచ్చ పక్కనుంచి మోకాలు దాకా వెళ్లింది. గుడ్డ రెండుగా విడిపోయింది. కాలి మీద గీత కూడా పడలేదు.

నెల రోజులుగా గుండెల మీదున్న బరువు దిగిపోయి, ఆయన మోకాలు పట్టుకుని భోరుమంది.

"ఏడుస్తావేమే? నేనెక్కడికీ పోవట్లేదు" అన్నారాయన, తడి కళ్లతో.

ఆవిడ ముక్కు తుడుచుకుని, కొత్త కత్తెరను ఎమర్జెన్సీ పెట్టెలో పెట్టి, మూత బిగించింది. తన పాత కత్తెర తీసి కోడలి చేతికిచ్చింది.

"గుడ్డకి ఇది వాడుకో, అడగక్కర్లేదు. ఆ పెట్టెలోది మాత్రం ఎవరు ముట్టుకున్నా ఊరుకోను. అది మీ మావయ్యది."