బంగ్లా ఎత్తు మీద రెండో గేరు

కార్ఖానా ఏరియా నుంచి సైనిక్‌పురి కాలనీకి అడ్డదారిలో వెళ్ళేవాళ్ళ దగ్గర 'బంగ్లా ఎత్తు' మాటెత్తితే, వేరే సంగతిలోకి వెళ్ళిపోతారు.

పేరుకే బంగ్లా. అందులో మనుషులుండి ఎన్నేళ్ళయిందో ఎవరికీ తెలీదు. గేటుకి గొలుసు, గొలుసుకి తుప్పు. ఆ పొడవాటి ప్రహరీ పక్కనే రోడ్డు బాగా కిందికి దిగి, మళ్ళీ కొద్దిగా పైకెక్కి, రైలు బ్రిడ్జి కిందకి మలుపు తిరుగుతుంది. చెడ్డపేరంతా ఆ కాస్త ఎత్తు దగ్గరే. చీకటి పడ్డాక అక్కడ బండిని వెనక నుంచి ఎవరో తోస్తారట. యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేసినా బండి ఆగకుండా ఎత్తు ఎక్కేస్తుందట... బ్రిడ్జి స్తంభం దాకా.

ఒక పాలవ్యాను అలాగే వెళ్ళి స్తంభానికి కొట్టుకుంది. ఇంకోసారి స్కూటర్ మీద వెళ్తున్న అన్నదమ్ములిద్దరు అదే స్తంభానికి గుద్దుకుని పోయారు. వ్యాను డ్రైవరు బతికాడు గానీ, ఆసుపత్రి మంచం మీద ఎవరు పలకరించినా ఒకటే మాట అనేవాడట — "నేను తోల్లే సార్. ఎన్కకెల్లి తోసిన్రు."

ఇంద్రజ ఇవన్నీ విన్నది. నమ్మలేదు. నమ్మే తీరికా లేదు.

ఆమె ఫిజియోథెరపిస్టు. కార్ఖానాలో చిన్న క్లినిక్ ఉంది. భర్త పృథ్వీకి అదే వీధిలో టైల్స్ షోరూం. ఇల్లు సైనిక్‌పురిలో. వాళ్ళ తాతలది తణుకు పక్క పల్లె; పృథ్వీ పుట్టిందీ పెరిగిందీ మాత్రం ఇక్కడే. మొన్న దసరాకి ముచ్చటపడి ఎర్ర కారు కొన్నాడు. ఆటోమేటిక్, అందులోనూ స్పోర్ట్స్ మోడల్. స్టీరింగు వెనక చెవుల్లా రెండు మీటలు. మాన్యువల్‌లో పెట్టుకుని కుడి మీట లాగితే గేరు పెరుగుతుంది, ఎడమది లాగితే తగ్గుతుంది. మూడు వారాలు చిన్నపిల్లాడిలా ఆ మీటలతోనే ఆడుకున్నాడు. నాలుగో వారం తన షోరూంలో తన టైలు మీదే జారిపడి కుడిచెయ్యి విరగ్గొట్టుకున్నాడు. మోచేతి పైనుంచి వేళ్ళ దాకా కట్టు.

దాంతో స్టీరింగు ఇంద్రజ చేతికొచ్చింది.

"మాన్యువల్‌లో పెట్టి చూడు ఇందూ. అప్పుడు తెలుస్తుంది బండి అంటే ఏంటో," అనేవాడు పక్క సీట్లో కూర్చుని.

"నాకు ఇల్లు చేరితే చాలు," అనేది ఇంద్రజ. బండిని డి లో పెట్టి వదిలేసేది.

డిసెంబర్లో ఫ్లైఓవర్ పనులని మెయిన్ రోడ్డు మూసేశారు. ఇక అడ్డదారే గతి.

మొదటిరోజు ఏడున్నరకి బంగ్లా గోడ దగ్గరికి వచ్చారు. వీధి దీపాలు లేవు. కారు లైట్ల వెలుగులో ఎదురుగా ఎత్తు స్పష్టంగా కనిపిస్తోంది. ఎక్కేటప్పుడు బండి ఎలాగూ నెమ్మదిస్తుంది కదా అని ఇంద్రజ బ్రేకు మీంచి కాలు తీసేసింది.

బండి నెమ్మదించలేదు.

ముప్పై... ముప్పై ఎనిమిది... నలభై నాలుగు...

"ఎందుకంత స్పీడు?" అన్నాడు పృథ్వీ.

"నేను తొక్కట్లేదు."

వెనక నుంచి ఏదో మెత్తగా, ఆగకుండా నెడుతోంది. అద్దంలోకి చూడాలంటే భయం వేసింది. చూడకుండా ఉండాలన్నా భయమే. స్తంభం లైట్లలోకి వచ్చేసరికి గానీ కాలు బ్రేకు మీద పడలేదు. టైర్లు కీచుమన్నాయి. బండి స్తంభానికి మూరెడు దూరంలో ఆగింది.

ఇంద్రజ బండిని వెనక్కి తీసి, మెల్లగా ఇంటికి నడిపింది.

ఆ రాత్రి అత్తగారు కామేశ్వరమ్మ కోడలి మొహం చూసి కూర్చోబెట్టి అడిగింది. అంతా విని, చీరకొంగు వేలికి చుట్టుకుంటూ అంది:

"ఆ దారిన వెళ్ళకండమ్మా."

"వేరే దారి లేదత్తయ్యా."

"అయితే చీకటి పడకుండా వచ్చెయ్యండి."

పేషెంట్లు వచ్చేదే సాయంత్రం. ఆ సంగతి ఆవిడకీ తెలుసు.

మర్నాడు మెకానిక్ బండి కిందా మీదా చూసి, బ్రేకులు కొత్తవాటిలా ఉన్నాయన్నాడు. బండిలో తప్పు లేదంటే ఇంద్రజకి ధైర్యం రావాలి. రాలేదు. బండిలో లేకపోతే ఇంకెక్కడున్నట్టు...

మరో మూడు రోజులు ఆ ఎత్తు మీద బ్రేకు తొక్కిపట్టే వెళ్ళింది. మూడు రోజులూ ఆ నెట్టుడు పాదానికి తెలుస్తూనే ఉంది. నాలుగోరోజు క్లినిక్‌లో ఒక ముసలాయన మోకాలు పట్టుకుని వంచుతూ, ఎన్నిసార్లు వంచిందో ఆమె లెక్క తప్పింది. ఆయనే లెక్క చెప్పాడు.

ఆ సాయంత్రం కారెక్కుతూ అంది — "ఇవాళ అదేంటో తేలాలి. రోజూ ఇలా నావల్ల కాదు."

పృథ్వీ ఎడమచేత్తో స్టీరింగు మీట చూపించాడు. "అయితే మాన్యువల్‌లో పెట్టు. రెండులో ఉంచు. రెండో గేరులో ఇంజనే బండిని పట్టుకుంటుంది. ఎవరు తోసినా పరిగెత్తదు." తర్వాత మెల్లగా అన్నాడు, "తోసేవాళ్ళుంటే..."

బంగ్లా గోడ మొదలవగానే ఇంద్రజ లివరు పక్కకి జరిపింది. ఎడమ మీట లాగింది. ఒకసారి. ఇంకోసారి. ఎదురుగా తెరమీద ఎం2 అని పడింది. కాలు తీసేసింది.

ఎత్తు మొదలైంది.

బండి పరిగెత్తలేదు. ముప్పై దగ్గరే నిలబడింది. కానీ ఇంజను గుర్రుమంటోంది... ఇంద్రజ చెవి పెట్టి ఆ చప్పుడు విన్నది. పెళ్ళికి ముందు నాన్న పాత కారులో అరకు ఘాట్ ఎన్నిసార్లు దిగిందో. ఎక్కేటప్పుడు ఇంజను మూలుగుతుంది. ఇది మూలుగు కాదు. దిగే బండిని పళ్ళు బిగించి పట్టుకున్నప్పటి గుర్రు.

"పృథ్వీ... మనం ఎక్కట్లేదు."

"ఏంటీ?"

"దిగుతున్నాం."

రోడ్డు పక్కకి తీసి ఆపింది. నీళ్ళ సీసా పట్టుకుని దిగింది. వద్దంటూనే పృథ్వీ కూడా వెనకే దిగాడు. ఫోను వెలుగులో రోడ్డు మీద నీళ్ళు వంచింది. ఇద్దరూ వంగి చూశారు.

నీళ్ళు ఒక్క క్షణం నిలిచాయి. తర్వాత సన్నటి పాయలా సాగి, ఎత్తుగా కనిపిస్తున్న వైపుకే... బ్రిడ్జి వైపుకే పారాయి.

ముందు బాగా దిగిన రోడ్డు, ఇక్కడ కాస్త తక్కువగా దిగుతోంది. అంతే. ఏటవాలుగా కట్టిన బంగ్లా గోడని చూసి కన్ను దాన్ని ఎత్తు అనుకుంటోంది. ఎత్తనుకుని అందరూ బ్రేకు మీంచి కాలు తీస్తున్నారు. పాలవ్యాను డ్రైవరూ తీసే ఉంటాడు. ఆ అన్నదమ్ములూ.

ఇంద్రజకి నవ్వొచ్చింది. ఎన్ని రోజుల తర్వాతో. పృథ్వీ కూడా నవ్వాడు. ఆ ఖాళీ రోడ్డు మీద నవ్వు కాస్త ఎక్కువసేపే వినిపించింది.

"రేపు మునిసిపాలిటీకి అర్జీ పెడదాం. 'జాగ్రత్త, వాలు' అని బోర్డు పెట్టమని," అంది.

కారెక్కారు. కట్టు చేత్తో పృథ్వీ బెల్టు పెట్టుకోలేడు. ఇంద్రజే లోపలి లైటు వేసి బెల్టు తగిలించింది. ఆ లైటు ఆర్పడం మర్చిపోయింది. మళ్ళీ ఎం2. బండి నింపాదిగా కదిలింది. కుడిచెయ్యి స్టీరింగు మీద వేసి, ఎడమచేత్తో ఖాళీ సీసాని సీట్ల మధ్య గూట్లో పెడుతోంది. స్తంభం పక్కన మలుపు వచ్చింది.

టక్‌మని చిన్న చప్పుడైంది.

ఇంజను ఒక్కసారిగా అరిచింది. బండి ముక్కు నేలకి వంగి, వెనక నుంచి పట్టి లాగినట్టు బరువెక్కిపోయింది. తెరమీద ఎం1.

ఆమె కాలు దానంతటదే బ్రేకు మీద పడింది. మలుపు అవతల, బ్రిడ్జి కింద, లైట్లు లేని లారీ అడ్డంగా ఆగి ఉంది. దాని వెనక చక్రం దగ్గర జాకీ పట్టుకుని ఒక మనిషి గొంతుక్కూర్చుని ఉన్నాడు. అతను తల వెనక్కి తిప్పి కారు వైపే చూస్తుండగా, కారు అతని వీపుకి జానెడు దూరంలో ఆగింది.



"ఒకటికి దించి మంచిపని చేశావు," అన్నాడు పృథ్వీ.

"నేను దించలేదు."

"అయితే అదే దిగుంటుంది..." అంటూ ఆగిపోయాడు. దాదాపు ఆగేదాకా వస్తే తప్ప ఆ బండి తనంతట తాను ఒకటికి దిగదు. ఆ సంగతి అతనే ఆమెకి పదిసార్లు చెప్పాడు. ఎవరో ఎడమ మీట లాగాలి. అతని కుడిచెయ్యి కట్టులో ఉంది, ఎడమచెయ్యి తలుపు పిడి మీద ఉంది. ఆమె ఎడమచెయ్యి ఇంకా సీసా మీదే ఉంది.

లారీ మనిషి లేచి కిటికీ దగ్గరికొచ్చాడు. ఇంద్రజ కిటికీ అద్దం దించింది. తన పేరు పర్వతాలన్నాడు. టైరు పంచరైందట, బ్యాటరీ కూడా పోయిందట. ఇంద్రజకి రెండు చేతులూ జోడించాడు.

"నా పానం కాపాడిన్రు మేడం. మీరు నా దిక్కు జూస్తలేరు, ఇంగ అయిపోయిందనుకున్న. లోపట లైటేసి ఉంది గదా, అంత కనబడ్డది. ఎన్క సీట్లకెల్లి పెద్దాయన జెర ముందటికి వంగి మీ స్టీరింగు దిక్కు చెయ్యి జాపిండు. గప్పుడే బండి ఆగింది."



పర్వతాలు తల వంచి లోపలికి చూశాడు. ముందు సీట్లు, వాటి వెనక సీటు... అతని చూపు అక్కడే కాసేపు తచ్చాడింది.

"ఏడి... గా పెద్దాయన? దిగిండా?"

ఇంద్రజ వెనక్కి తిరగలేదు. అద్దంలోకీ చూడలేదు. మెడ మీద సన్నటి చల్లగాలి తగులుతోంది. కిటికీలన్నీ మూసే ఉన్నాయి, పర్వతాలు నిలబడ్డ వైపు తప్ప.

"ఆఁ," అంది మెల్లగా. "దిగిపోయారు."