చీటీలో ఆరుగురు

"అక్షి ఏదీ?"

కౌంటరు అవతల నుంచి ఎవరో అలా అడగ్గానే, లోపల మందుల డబ్బాలు సర్దుతున్న పిన్ని గిరుక్కున తిరిగింది. బయట వాన దంచేస్తోంది. షర్టు సగం తడిసిన ఒక యువకుడు గొడుగు మడుస్తూ నిలబడి ఉన్నాడు.

"అలాంటి మందు మా షాపులో లేదండీ. డాక్టరు చీటీ ఉందా?"

"మందు కాదండీ. పాప కంటికి పర్యాయపదాలు చదువుతోంది. నేత్రం, నయనం, చక్షువు అని ఆపేసింది. అక్షిని వదిలేసింది."

స్టూలు మీద కూర్చున్న పదేళ్ల పిట్ట నాలిక కరుచుకుంది. పిన్నికి మాత్రం ఒళ్లు మండింది. పిలవని పేరంటానికి వచ్చినవాళ్లంటే ఆమెకి మొదటి నుంచీ పడదు.

"మీకేం కావాలో అది చెప్పండి."

"దగ్గు బిళ్లలు."

"మీరు దగ్గుతున్నట్టు లేరే?"

అతను వెంటనే దగ్గాడు. ఆ దగ్గుని ఏ డాక్టరూ దగ్గని ఒప్పుకోడు.

పిట్ట పిన్నికి అక్క కూతురు. అక్కా బావా ఇద్దరూ బస్సు డిపోలో షిఫ్టుల ఉద్యోగాలు చేస్తారు కాబట్టి, బడి వదిలాక పిట్ట మందుల షాపులోనే చదువుకుంటుంది. పెద్ద బడిలో సీటు కోసం రాసే ఎంట్రన్సులో అది పోయినేడు ఆరు మార్కుల తేడాతో తప్పింది. ఆ ఆరూ పర్యాయపదాలవే. ఈసారీ తప్పితే వయసు దాటిపోతుంది, ఇంక రాయనివ్వరు. "లెక్కలు నేను చూసుకుంటా, మాటలు నువ్వు చూడు" అని అక్క ఆ భారం చెల్లెలి మీద పెట్టింది. మందుల పేర్లన్నీ నోటికొచ్చిన పిన్నికి మాటల దగ్గరికొచ్చేసరికి చేతులు కట్టేసినట్టుండేది.

మర్నాడు సాయంత్రం అతను మళ్లీ వచ్చాడు. ఆ మర్నాడు కూడా. పక్క వీధి ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతాడట. ప్రూఫు కాగితాల అంచులు పొడుగ్గా చించి, వాటి మీద మాటలు రాసుకొచ్చి, కౌంటరు దగ్గర నిలబడి, పిట్టకి చెప్పేవాడు. పిట్ట అతనికి ప్రూఫు సారని పేరు పెట్టేసింది.

వారం తిరిగేసరికి పిట్ట చెట్టుకి, చేపకి, చంద్రుడికి పర్యాయపదాలు ఎవరడిగినా గుక్కతిప్పుకోకుండా చెప్పేస్తోంది. పిన్నికి సంతోషమే. కానీ డాక్టరు సంతకాన్నే రెండుసార్లు చూసే మనిషికి, ఊరికే వచ్చే సాయం మింగుడుపడుతుందా? ఏ పుట్టలో ఏ పాముందో ఎవరికి తెలుసు?

"ఏమండీ, మీకింత తీరిక ఎక్కణ్నుంచి వస్తోంది?"

"ఐదింటికి డ్యూటీ దిగుతానండి."

"దిగి ఇంటికి వెళ్లరా?"

"మా వీధి ఇటే."

"ప్రెస్సు నుంచి మీ వీధికి ఇటు రావాలంటే ఊరంతా చుట్టాలి. నేను అడిగి తెలుసుకున్నాను."

అతను బుర్ర గోక్కున్నాడు. "నడక ఆరోగ్యానికి మంచిదంటారు కదండీ."

"దగ్గుకి కూడానా?"

పిట్ట కిసుక్కున నవ్వి పుస్తకంలో ఏదో రాసుకుంది. తర్వాత పిన్ని తెరిచి చూస్తే, "అనుమానం: సందేహం, శంక, సంశయం, మా పిన్ని" అని ఉంది. పక్కన ఎర్ర సిరాతో "నాలుగోది పరీక్షలో రాయకు" అని ప్రూఫు సారు దస్తూరీ.

"నువ్వు మందులకి ఎక్స్‌పైరీ చూడవే, మనుషులకి కాదు," అని అక్క ఎన్నోసార్లు అంది. చూడకేం చేస్తుంది! పిన్నికి కుదిరిన సంబంధం పోయినేడే చెడిపోయింది. ఆ పెద్దమనిషి ఒకేసారి ముగ్గురికి మాటిచ్చాడని ముహూర్తం పెట్టుకునే ముందు తేలింది. పాము కరిచినవాళ్లకి తాడు చూసినా భయమే మరి. పైగా ఈ మధ్య ఐదు దాటితే తన చూపు వీధి మలుపు మీదికే పోతోంది. ఆమెకి తన మీద తనకే అనుమానం మొదలైంది.

పరీక్ష ఇంకా పది రోజులుందనగా ఆ చీటీ దొరికింది. అతను వెళ్లిపోయాక కౌంటరు కింద పడి ఉంది. పైభాగం చిరిగిపోయింది. మిగిలిన దాని మీద ఎర్ర సిరాతో ఇలా ఉంది.

రమ – ఓకే.
పద్మ – ఓకే.
కమల – పద్మ ఉంది కదా, తర్వాత చూద్దాం.
ఇందిర – ఎన్నిసార్లు చెప్పినా లాభం లేదు.
సిరి – చిన్నది, సులువు.
భార్గవి – కష్టం. ఆదివారంలోపు ఎలాగైనా.

పిన్ని ఆ చీటీని రెండుసార్లు చదివింది. ముగ్గురికి మాటిచ్చినవాడే నయం, వీడికి ఆరుగురు! చిన్నదట, సులువట! ఏడుపొచ్చింది. ఏడుపెందుకు రావాలని కోపమొచ్చింది. ఆ రెండూ కలిపి మర్నాటి సాయంత్రం అతని మీద కుమ్మరించింది.

"రేపట్నుంచి ఇటు రాకండి."

"ఏమైందండీ?"

"మీ పనులు మీకు చాలా ఉన్నాయిగా! భార్గవి గారి సంగతి ఆదివారంలోపు తేల్చాలి కదా?"

"అవునండి, అదొక్కటే నోరు తిరగట్లేదు," అన్నాడు అతను అమాయకంగా.

"నోరు తిరక్కపోతే ఉత్తరం రాయండి! ముందు ఇక్కణ్నుంచి వెళ్లండి."

అతను పిట్ట వైపు, పిన్ని వైపు మార్చి మార్చి చూసి, గొడుగు కూడా మర్చిపోయి వానలోనే వెళ్లిపోయాడు.

నాలుగు రోజులు గడిచాయి. పిన్నే పుస్తకం పట్టుకుని చెప్పబోయింది. పిట్ట బుర్రకెక్కలేదు. నదికి అడిగితే చెట్టువి చెప్పింది. చివరికి పుస్తకం విసిరేసి, "నేను పరీక్ష రాయను. నాకు లక్ష్మీదేవికి అసలు రావట్లేదు," అని బావురుమంది.

"లక్ష్మీదేవికేంటే?"

"ఆరు పేర్లు పిన్నీ! రమ, పద్మ, కమల... ఇందిర ఎప్పుడూ మర్చిపోతాను. భార్గవి ఒత్తు పలకదు. నాకేది వచ్చో ఏది రాదో సారు చీటీలో రాసుకుంటారు. పైన మాట చించేసి, కింది పేర్లు చూపించి అవెవరివో చెప్పమంటారు. ఆ చీటీ కూడా పోయింది."

పిన్ని కుర్చీలో కూలబడింది. అనుమానం పెనుభూతమంటారు. ఆ భూతం ఇప్పుడు పిట్ట సీటునే మింగబోతోంది.

మధ్యాహ్నం భోజనాల వేళ షాపుకి తాళం వేసి, గొడుగు పట్టుకుని ఆమె ప్రెస్సుకి వెళ్లింది. సిరా వాసన, మిషన్ల రొద, గోడ దాకా కాగితపు కట్టలు. ఒక మూల బల్ల దగ్గర అతను తలొంచుకుని ఎర్ర పెన్నుతో దిద్దుకుంటున్నాడు. ఈసారి దగ్గు నిజంగానే పట్టుకుంది.

"గొడుగు," అంది పిన్ని.

"థాంక్సండీ."

"దగ్గు బిళ్లలు కూడా తెచ్చాను." చీటీ తీసి బల్ల మీద పెట్టింది. "నేను... వీళ్లు నిజంగా మనుషులనుకున్నాను."

అతను చీటీ చదివాడు. మళ్లీ చదివాడు. 'చిన్నది, సులువు' దగ్గరికి రాగానే చెవులదాకా ఎర్రబడ్డాడు.

"అమ్మబాబోయ్! ఆరుగురితోనా?"

"ఊఁ."

"ఆరుగురూ ఒక్కరే కదండీ!"

ఇద్దరూ ఒకేసారి నవ్వారు. మిషను దగ్గరాయన తొంగి చూస్తే చప్పున ఆపేశారు.

"తప్పు నాదే. క్షమించండి. పిట్టని మాత్రం వదిలేయకండి," అంది పిన్ని. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

"సాయంత్రం వస్తాను. కానీ మీ అనుమానం పూర్తిగా తప్పు కాదండి." అతను పెన్ను మూత పెట్టి, మళ్లీ తీసి, మళ్లీ పెట్టాడు. "నేను ఊరంతా చుట్టి వచ్చేది పర్యాయపదాల కోసం కాదు. మీకోసం. మొదటి రోజు దగ్గు కూడా దొంగ దగ్గే. మీరంటే నాకు చాలా ఇష్టం."

ఇన్నాళ్లూ అతని ప్రతి మాటా వెనక్కి తిప్పి చూసిన పిన్నికి, ఈ మాటని ఎటు తిప్పినా ఒక్క అర్థమే కనిపించింది.

"పరీక్ష అవనివ్వండి. అప్పుడు చెప్తాను," అని గబగబా బయటికొచ్చేసింది. వానలో తడుస్తున్నానని సగం దూరం నడిచాక గానీ ఆమెకి తెలియలేదు.

పరీక్ష రోజు అక్కకీ బావకీ డ్యూటీ పడింది. బడి గేటు బయట పిన్ని, ప్రూఫు సారు రెండు గంటలు నిలబడ్డారు. ఒకరినొకరు చూసుకోవడం, పట్టుబడితే గేటు వైపు చూడటం, ఇదే పని. గంట కొట్టగానే పిల్లల గుంపులోంచి పిట్ట పరుగెత్తుకొచ్చింది.

"లక్ష్మీదేవి వచ్చింది! ఆరు పేర్లూ రాశా! ఒత్తుతో సహా!"

"అన్నీ రాశావా?" అడిగింది పిన్ని.

"అన్నీ. ఒక్కటి మాత్రం మనం చదవంది ఇచ్చారు."

పిన్ని ముఖం పాలిపోయింది. "ఏంటే అది?"

"పినతండ్రి. దానికి ఇంకో మాట రాయమన్నారు."

"ఏం రాశావు మరి?"

పిట్ట ప్రూఫు సారు వైపు తిరిగి, చెయ్యి పట్టుకుని ఊపుతూ అడిగింది.

"కరెక్టే కదా, బాబాయ్?"

రోజంతా ఊళ్లోవాళ్ల తప్పులు దిద్దే మనిషికి ఈ ఒక్క మాట దిద్దాలో వద్దో తెలియలేదు. భయం భయంగా పిన్ని వైపు చూశాడు.

"కరెక్టే," అంది పిన్ని.