మరొకరి తృప్తి

నరహరి మళ్ళీ అన్నం పెట్టించుకున్నాడు. ముద్దపప్పు, కాకరకాయ వేపుడు, మజ్జిగచారు, అన్నీ అతనికి ఇష్టమైనవే. ఇష్టంగా తింటున్నాడా అంటే లేదు, ఆబగా తింటున్నాడు. ఉన్నట్టుండి చెయ్యి ఆగింది. ముఖం తేటపడింది.

"చాలు," అన్నాడు. "ఆవిడ భోంచేసినట్టుంది."

చాయాదేవి గరిటెను గిన్నెలోకి విసిరేసింది. వంట తనది, వడ్డన తనది, మొగుడు తనవాడు. కడుపు నింపిన ఘనత మాత్రం ఊరవతల ఉండే ఇందుమతిది! ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

యుద్ధంలో రేవులన్నీ మూతపడి తిండి కరువైంది. తిండి పుట్టించలేని శాస్త్రజ్ఞులు తృప్తినైనా పంచుదామనుకున్నారు. మెడ వెనక చర్మం కింద గోధుమగింజంత తృప్తిబీజం నాటితే, ఒకరు తిన్న నిండుదనం ఇంకొకరికి చేరుతుంది. ప్రయోగానికి నరహరి తనంతట తానే పేరిచ్చాడు. నెలల తరబడి అర్ధాకలితో ఉండే అతన్ని 'ఉపవాసి' అన్నారు. అతని కోసం తినే ఇందుమతిని 'భోక్త' అన్నారు.

"మనిషి బతికుండగానే తద్దినానికి పిలిచినట్టు భోక్తను పిలిచారా!" అని ఆ రోజే చాయ కోప్పడింది.

పస్తులు ముగిసి కోలుకునే దశ వచ్చింది. ఇక ఎవరి తిండితో వారికే తృప్తి కలుగుతుందనీ, అప్పుడు బీజాలు తీసేస్తామనీ డాక్టర్ గజపతి చెప్పాడు. నరహరి కడుపు ఆయన మాట వినలేదు. ఎంత తిన్నా, ఇందుమతి తింటేనే దానికి నిండినట్టు. బీజం తీసేస్తే ఆ కాస్తా ఉండదు.

భోక్తలకు మొక్కులూ ఉపవాసాలూ ఉంటాయని మాత్రం ఎవరికీ తోచలేదు. ఆ శనివారం నరహరి తిన్నాడు, కక్కుకున్నాడు, మళ్ళీ తిన్నాడు, చివరకు వంటింట్లోనే పడిపోయాడు.

"పస్తులతో నీరసించిన గుండె అమ్మా," అన్నాడు గజపతి. "ఇంకోసారి ఇలా తింటే నేను చెయ్యగలిగింది లేదు."

"ఆవిడెందుకు తినలేదట?"

"శనివారాలు ఉపవాసమట. ప్రయోగం అయిపోయింది కదా, ఇక తినమనే హక్కు మాకు లేదు."

మరుసటి శనివారం చాయ క్యారేజీ పట్టుకుని ఇందుమతి ఇంటికి వెళ్ళింది. ఏ అందగత్తెనో చూడబోతున్నానని పట్టుచీర కట్టుకుంది. తలుపు తీసింది వెలిసిన నేతచీరలో ఉన్న బక్కపలచటి మనిషి.

"నేను నరహరిగారి భార్యని. మీరు అన్నం తినాలి."

"ఇవాళ కుదరదండీ. మావారు యుద్ధనౌకలో ఉన్నారు. క్షేమంగా తిరిగొచ్చేదాకా శనివారాలు పచ్చి మంచినీళ్ళయినా ముట్టనని వెంకన్నకు మొక్కుకున్నాను."

"వంటింటికి తాళం వేసి వచ్చాను. ఆయన తలుపు బాదుతున్నారు. తీస్తే తింటారు, తింటే చచ్చిపోతారు."

ఇందుమతి క్యారేజీ వంక చూసింది.

"మీవారి కోసం, మావారి మొక్కు చెడగొట్టుకోమంటారా?"

"అవును," అంది చాయ. సిగ్గుపడలేదు.

ఇందుమతి గోడకున్న పటానికి దణ్ణం పెట్టుకుని పీట వేసుకుంది. చాయ వడ్డించింది. కన్నీళ్ళు కారుతూనే ఉన్నాయి, ఆమె తింటూనే ఉంది.

చాయ చేతికున్న పలుకుపట్టీ మోగింది. నరహరి!

"తలుపు సంగతి వదిలెయ్ చాయా. కడుపు నిండింది." వెక్కిళ్ళు వినిపించాయి. "కానీ ఎందుకో ఏడుపొస్తోంది. ఎవరో ఇక తిరిగి రారేమోనని ఒకటే దిగులు. ఎవరో తెలియట్లేదు."

బీజం తృప్తిని తప్ప మరేదీ మొయ్యదని గజపతి ఒట్టేసి మరీ చెప్పాడు.

చాయ ఇందుమతి వంక చూసింది. జాలి కలిగింది. జాలిని మించి కుళ్ళు కలిగింది. కిందటేడు తను జ్వరంతో చావబోతే కంటతడి పెట్టని మనిషి, ఇప్పుడు ఈవిడ మొగుడి కోసం వెక్కివెక్కి ఏడుస్తున్నాడు. ఆ ఏడుపులో ఒక్క బొట్టయినా తనది కాదు.

ఆమె పట్టీ నొక్కి మాట ఆపేసింది. ఇందుమతి లేవబోతుంటే క్యారేజీలో అడుగు గిన్నె తీసింది.

"కూర్చోండి," అంది. "పెరుగన్నం తినకుండా లేస్తే ఆయనకు నిండదు."