పది కోట్లకు ఎంత తక్కువ?

ప్రొద్దుటూరులో ఒక చీరల షోరూమ్ వెనకగది. గూఢచారి విభాగం చీఫ్ కోదండపాణి బ్రీఫింగ్ రెండు నిమిషాల్లో ముగించాడు. పులివెందుల బస్టాండ్ పార్సిల్ గదిలో విదేశీ ముఠా బాంబు పెట్టింది. సాయంత్రం నాలుగున్నరకు పేలుతుంది. జనాన్ని ఖాళీ చేయిస్తే, అక్కడ కాపలా ఉన్న ముఠా మనిషి రిమోట్ నొక్కేస్తాడు. ఆఖరి ఐదు నిమిషాల్లో స్క్రీన్ మీద ఒక పెద్ద సంఖ్య వెలుగుతుంది. ఏ రెండు ప్రధాన సంఖ్యల్ని గుణిస్తే అది వస్తుందో నొక్కితే బాంబు ఆగుతుంది. తప్పు నొక్కినా, ఫోన్ దగ్గరికి తెచ్చినా అంతే సంగతులు.

ఏజెంట్ ఫణికుమార్‌కు ఇవేవీ గుచ్చుకోలేదు. గుచ్చుకున్నది చివరి మాట. ముఠాలో చేరి మనకు కబుర్లు పంపే డబుల్ ఏజెంట్ ఆర్షియా, జమ్మలమడుగు లెక్కల లెక్చరర్ దత్తాత్రేయను వెంట తెమ్మని కోరిందట. పేరు పెట్టి మరీ.

ఎనిమిదేళ్లు ఆమెతో పనిచేసింది తను. ఆమె కోసం రెండుసార్లు తూటా దెబ్బ తిన్నది తను. ఈ దత్తాత్రేయ తిన్నది సుద్దముక్కల దుమ్ము. జమ్మలమడుగులో కారెక్కుతున్న అతని ఇస్త్రీ చొక్కా చూసి ఫణికుమార్ కడుపు మండింది. మనిషి చక్కగా కూడా ఉన్నాడు. అది ఇంకా పెద్ద నేరం.

నాలుగూ ఇరవైకి, కండక్టర్ వేషంలో ఫణికుమార్ దత్తాత్రేయను వెంటబెట్టుకుని బస్టాండులో చీనీకాయల, అంటే బత్తాయిల, బుట్ట ముందు ఆగాడు. బుట్ట వెనక ఆర్షియా. కాయలమ్మే మనిషికి ఆ అందం కొంచెం ఎక్కువే. పక్కనే ఒక బట్టతల మనిషి శెనక్కాయలు ఒలుచుకుంటున్నాడు.

"కాయలు ఎన్ని?" కోడ్ వర్డ్ అడిగాడు.

"నూటికి ఒకటి తక్కువ" అంది ఆర్షియా. దత్తాత్రేయ వైపు తిరిగి నవ్వి, అతని చేతిలో ఒక కాయ పెట్టింది.

అసలు జవాబు 'నూటికి నూరు'. ఎనిమిదేళ్లలో ఎన్నడూ తప్పలేదు. ఈ లెక్చరర్‌ని చూసేసరికి కోడ్ కూడా మర్చిపోయిందని ఫణికుమార్ ఉడికిపోయాడు.

ఇద్దరూ పార్సిల్ గదిలోకి చేరేసరికి స్క్రీన్ వెలిగింది. 99990199.

దత్తాత్రేయ నేలమీద సుద్దముక్కతో భాగిస్తూ పోయాడు. మూడుతో పోదు. ఏడుతో పోదు. పదకొండుతోనూ పోదు. మూడు నిమిషాలకు ఇస్త్రీ చొక్కా చెమటకు తడిసి ముద్దయింది. ఫణికుమార్‌కు ప్రాణం హాయిగా అనిపించింది. బయట పిల్లల్ని ఎత్తుకుని బస్సు కోసం నిలబడ్డ జనం గుర్తొచ్చి, ఆ హాయికి సిగ్గేసింది.

సంఖ్య వైపు చూశాడు. ఎదుటివాడికి ఎంత ఎక్కువ, తనకు ఎంత తక్కువ అని చూడటానికి అలవాటుపడ్డ కళ్లు. పది కోట్లకు ఇది ఎంత తక్కువ? తొమ్మిదివేల ఎనిమిదివందల ఒకటి. అంటే తొంభైతొమ్మిది తొంభైతొమ్మిదులు. నూటికి ఒకటి తక్కువ.

ఆర్షియా ఏమీ మర్చిపోలేదు.

"సార్, పదివేల పదివేలు పది కోట్లు. దాంట్లో తొంభైతొమ్మిది స్క్వేర్ తీసేస్తే ఈ నంబరే."

దత్తాత్రేయ తలెత్తాడు. "ఏ స్క్వేర్ మైనస్ బీ స్క్వేర్. పదివేలలో తొంభైతొమ్మిది తీసేయప్పా, ఇంకోసారి కలుపు. 9901, 10099. రెండూ ప్రధానాలే, నొక్కు."

ఫణికుమార్ నొక్కాడు. టైమర్ ఒక్క సెకను దగ్గర ఆగింది.

బయటికి వచ్చేసరికి బట్టతల మనిషి చేతులకు బేడీలు. అతని రిమోట్ చీనీకాయల బుట్టలో ఉంది.

"ఆ నంబరు పెట్టింది నేనే" అంది ఆర్షియా. "అంకెలు కబురులో పంపితే దొరికిపోతా. ఈడ చూస్తే వీడు పక్కనే ఉండాడు కదప్పా, ఇంకెట్ల చెప్పేది?"

"మరి సార్‌ని ఎందుకు తెమ్మన్నావు?"

"నీకు కుళ్లు పుడితేనే గదా, తక్కువెంతని చూసేది."

ఫణికుమార్‌కు సిగ్గూ సంతోషమూ ఒక్కసారే వచ్చాయి. ఆర్షియా ఒక కాయ ఒలిచి ఇద్దరికీ తొనలు పంచింది. దత్తాత్రేయకు ఆరు. ఫణికుమార్‌కు నాలుగు.

రెండు తక్కువ.