బోల్టు తల మీద తెల్ల చుక్క

తెల్ల పికప్ రెడ్ సిగ్నల్ దాటేసింది!

నూర్ బాషా బ్రేక్ మీద కాలు పెట్టడు. యాక్సిలరేటర్ ఇంకా తొక్కుతాడు.

ఎడమ నుంచి బస్సు... హారన్... జానెడు తేడాలో తప్పుతుంది!

సాయంత్రం నాలుగే. కానీ కువైట్‌లో పగలు లేదు. దుమ్ము తుఫాను! ఆకాశం ఇటుక రంగుకి తిరిగింది. వీధి దీపాలు అప్పుడే వెలిగాయి. ముందు నలభై అడుగులు దాటితే ఏమీ కనిపించదు.

ఆ నలభై అడుగుల చివర రెండు ఎర్ర మచ్చలు. పికప్ వెనక లైట్లు.

అవి మాయమైతే ఖలాస్. తమ్ముణ్ణి చంపినవాడు మళ్ళీ దొరకడు.

ఆ పికప్ నడుపుతున్నది బాబ్జాన్ ఉస్తాద్. పదేళ్ళ కిందట రాయచోటి నుంచి వచ్చిన నూర్ చేతికి మొదటి పానా ఇచ్చిన మనిషి. తర్వాత తమ్ముడు తౌఫిక్‌కి వీసా తీయించి పిలిపించిన మనిషి. జ్వరమొస్తే పక్కన కూర్చుని గంజి తాగించిన మనిషి.

ఇప్పుడా మనిషి జేబులో ఒక బోల్టు ఉంది. దాని కోసమే ఈ పరుగు.

నూర్ నడుపుతున్న బండి అతనిది కాదు. అల్ రాయ్‌లో వాళ్ళ వర్క్‌షాపులో ఎడారి ప్రయాణాలకి తయారవుతున్న కొత్త ఫోర్ వీల్ డ్రైవ్. సీట్ల ప్లాస్టిక్ కవర్లు కూడా తీయలేదు. పైన రూఫ్ ర్యాక్ సగమే బిగించి ఉంది, టకటకా కొట్టుకుంటోంది. వెనక డ్రాయర్లకి గొళ్ళేలు లేవు. మలుపు తిరిగినప్పుడల్లా ధడాల్... ధడాల్! వాటి పక్కన బండి ఫ్రిజ్, ఇంకా బెల్టు కట్టనిది, ఆ గోడకీ ఈ గోడకీ దొర్లుతోంది.

ఎనిమిది రోజుల కిందట అచ్చం ఇలాంటి బండే...

దాన్ని రెండంగుళాలు ఎత్తు లేపారు. ఇసుకలో కూరుకుపోతే లాగడానికి ముందు వించ్ పెట్టారు. అదనపు డీజిల్ ట్యాంకు, రెండో బ్యాటరీ, ఫ్రిజ్, అన్నీ అన్నదమ్ములూ ఉస్తాదూ కలిసి బిగించారు. టెస్ట్ డ్రైవ్‌కి తౌఫిక్ వెళ్ళాడు. సాల్మీ రోడ్డు దిగి ఇసుకలో అర కిలోమీటరు పోయాడో లేదో...

ముందు చక్రం ఊడింది. బండి మూడు పల్టీలు కొట్టింది.

ఇరవై ఆరేళ్ళ కుర్రాడు. ఆస్పత్రిలో నూర్ గుర్తుపట్టింది చేతి గడియారాన్ని మాత్రమే.

చక్రాన్ని పట్టి ఉంచే ఆర్మ్‌కి రెండు బోల్టులు. ఒకటి ఇసుకలో ఎక్కడో పడిపోయింది. రెండోది సగం ఊడి బండికే వేలాడుతోందని పోలీసులు చెప్పారు. బిగించిన బోల్టు ఒక్క టెస్ట్ డ్రైవ్‌కే ఊడదు. ఎవరో కావాలని వదులు చేశారు!

నూర్ స్టేషన్‌కి వెళ్ళాడు. అరబ్బీలో తడుముకుంటూనే, ఇది యాక్సిడెంట్ కాదు, హత్య అని రాసిచ్చాడు. నుజ్జయిన బండిని వర్క్‌షాపు వెనక పెట్టి సీలు వేశారు. రేపు ఉదయం ట్రాఫిక్ ఇంజనీరు వచ్చి చూస్తాడు.

ఆ కంప్లైంట్ వద్దని కాళ్ళావేళ్ళా పడింది ఒక్కడే, ఉస్తాద్.

"వద్దురా నూరూ! పోయినోడు ఎట్లా రాడు. ఈ పని చేసి నువ్వేం బావుకుంటావురా? వాపసు తీసుకో నాయనా..."

ఎందుకంత భయం?

నెల కిందట ఉస్తాద్ తన కూతురు షబ్నమ్‌ని చేసుకోమని తౌఫిక్‌ని అడిగాడు. తౌఫిక్ కాదన్నాడు. పదిమంది భోంచేస్తున్న చోట కాదన్నాడు! ఉస్తాద్ తింటున్న పళ్ళెం తోసేసి లేచిపోయాడు. ఆ తర్వాత వారం రోజులు తౌఫిక్ మొహం చూడలేదు.

అప్పుడు నూర్ తమ్ముణ్ణే తిట్టాడు. ఇప్పుడు ఆ పళ్ళెం చప్పుడు చెవుల్లో నుంచి పోవడంలేదు.

ఇవాళ మధ్యాహ్నం దుమ్ము లేస్తోందని వెనక తలుపు మూయడానికి వెళ్ళాడు. నుజ్జయిన బండి కింద నుంచి రెండు కాళ్ళు... ఉస్తాద్ చెప్పులు! సీలు తెగి ఉంది. చేతిలో బోల్టు.

"ఉస్తాద్! ఏం చేస్తాండావు?"

యాభై అయిదేళ్ళ మనిషి లేచి పరిగెత్తాడు!

ఫోన్ మోగుతుంది. నూర్ ఉలిక్కిపడి స్పీకర్ నొక్కుతాడు. షాపులో ఎలక్ట్రీషియన్, అమలాపురం కుక్కుటేశ్వరరావు.

"ఒరే నూరూ, ఎక్కడున్నావురా బాబూ?"

"జహ్రా దాటినా. నా ముందే ఉండాడు."

"ఆయన్నొదిలెయ్యరా! నీకు దండం పెడతాను, వెనక్కొచ్చెయ్!"

"నా తమ్ముణ్ణి చంపినోణ్ణి వదలాల్నా?"

"ఆయన చంపలేదురా! నాకు తెల్సు. నుజ్జయిన బండి తెచ్చిననాడు ఆయనా నేనూ కిందకి దూరి చూశాం. నువ్వు ముందు ఇంటికి రా, చెప్తాను..."

"చూసినావా? చూసి ఎనిమిది దినాలు నోరు మూసుకున్నావా!"

"అది కాదురా..."

నూర్ ఫోన్ ఆపి పక్క సీట్లోకి విసురుతాడు. అందరూ ఒకటే! అందరూ ఉస్తాద్ మనుషులే!

మళ్ళీ ఫోన్ అందుకుంటాడు. ఈసారి తనే చేస్తాడు. పోలీసులకి.

"సాల్మీ రోడ్డు... తెల్ల పికప్... నా తమ్ముణ్ణి చంపినవాడు పారిపోతున్నాడు. యల్లా! త్వరగా రండి!"

సాల్మీ రోడ్డు! అవును, పికప్ సాల్మీ రోడ్డే పట్టింది. తౌఫిక్ చచ్చిన రోడ్డు. చంపినవాడికి అక్కడేం పని?

నూర్ పళ్ళు కొరుకుతాడు. కళ్ళలో దుమ్మో నీళ్ళో తెలియదు.

బోల్టు మీద ఏముంటుందో అతనికి తెలుసు. వాళ్ళ షాపులో ఒక పద్ధతి ఉంది. బోల్టుని పూర్తిగా బిగించినవాడు దాని తల మీద రంగు చుక్క పెట్టాలి. చుక్క ఉంటే పని అయినట్టు. ఇంకెవరూ ముట్టుకోనక్కర్లేదు. నూర్‌ది పసుపు, తౌఫిక్‌ది ఆకుపచ్చ, ఉస్తాద్‌ది తెలుపు.

ఆ పద్ధతి పెట్టిందే ఉస్తాద్. వచ్చిన కొత్తలో నూర్ ముందే చుక్క పెట్టేసేవాడు. బిగించాక చేతులకీ బోల్టుకీ గ్రీజు అంటుతుంది, గ్రీజు మీద రంగు నిలవదు, అందుకని. ఉస్తాద్ నెత్తిన ఒక్కటి మొట్టాడు.

"గుడ్డతో తుడిచి పెట్టరా గాడిదా! ముందు బిగింపు, మళ్ళ చుక్క. చుక్కంటే నీ మాట. మాట ముందిచ్చి పని మరిస్తే ఎట్లరా?"

అంత నిక్కచ్చి మనిషి! ఆ మనిషే తన చుక్క తనే దొంగిలించి పారిపోతున్నాడు!

పికప్ ఒక్కసారిగా కుడికి తిరుగుతుంది. రోడ్డు దిగి ఇసుకలోకి!

నూర్ కూడా స్టీరింగ్ తిప్పుతాడు. బండి ఎగిరి పడుతుంది. తల టాపుకి కొట్టుకుంటుంది. రూఫ్ ర్యాక్ ఒక పక్క ఊడి అద్దం మీదికి వేలాడుతుంది.

ఎర్ర మచ్చలు లేవు!

పైనున్న పెద్ద లైట్ల స్విచ్ నొక్కుతాడు. తప్పు! దుమ్ము మీద వెలుగు పడి తెల్లటి గోడలా తిరిగి కళ్ళలో కొడుతుంది. ఏమీ కనిపించదు! ఆపేస్తాడు. గుడ్డిగా పోతాడు...

ఎదురుగా పికప్!!

బ్రేక్! బండి అడ్డంగా జారి, జారి... పికప్ తలుపుకి మూరెడు దూరంలో ఆగుతుంది.

పికప్ వెనక చక్రాలు ఇరుసు దాకా ఇసుకలో కూరుకుపోయాయి. మామూలు పికప్ ఇసుకలో ఎంత దూరం పోతుంది? ఆ సంగతి ఉస్తాద్‌కి తెలియదా?

నూర్ వీల్ పానా తీసుకుని దూకుతాడు.

ఉస్తాద్ బండిలో లేడు. పది అడుగుల అవతల మోకాళ్ళ మీద ఉన్నాడు. రెండు చేతులతో ఇసుక తవ్వుతున్నాడు. పిచ్చివాడిలా తవ్వుతున్నాడు!

"బోల్టు ఇయ్యి!"

"నూరూ... పో నాయనా. నువ్వు పో."

"ఇయ్యమంటాండా!"

కాలితో తంతాడు. ఉస్తాద్ వెల్లకిలా పడతాడు. పదేళ్ళలో ఎదురు మాట్లాడని నూర్, ఆ గుండె మీద మోకాలు పెట్టి, మూసిన పిడికిలి ఒక్కొక్క వేలూ విరిచి తెరుస్తాడు.

బోల్టు.

తల మీద చుక్క... తెలుపు!

"నీదే!" నూర్ అరుస్తాడు. "నీ చుక్కే! నువ్వే పిలిపించినోణ్ణి ఎట్ల చంపబుద్ధి అయింది ఉస్తాద్?"

"అవును. నాదే." ఉస్తాద్ కళ్ళు మూసుకుంటాడు. "నేనే మరిచిపోయినా. ముసలోణ్ణి అయినా గదా... తప్పు నాదే. కొట్టు."

పానా లేస్తుంది.

ఒక్క దెబ్బ చాలు...

ఇంకో చేతిలో బోల్టు జారుతుంది. దాన్ని గట్టిగా పట్టుకున్న బొటనవేలు జిగటగా ఉంది. నూర్ వేలు చూసుకుంటాడు.

వేలంతా తెల్ల రంగు.

తడి రంగు! ఎనిమిది రోజుల కిందట పెట్టిన చుక్క ఇంకా తడిగా ఎలా ఉంటుంది?

గ్రీజు మీద రంగు నిలవదు.

బొటనవేలితో గట్టిగా రుద్దుతాడు. తెలుపు జారిపోతుంది.

కింద... పసుపు.

నూర్ బోల్టుని కళ్ళ దగ్గరికి తెచ్చుకుంటాడు. మళ్ళీ రుద్దుతాడు. పసుపే. శుభ్రంగా, గుండ్రంగా, బోల్టుకి గ్రీజు అంటకముందు పెట్టిన చుక్క. అతని చుక్క!

"లేదు..."

"నూరూ, ఇటు ఇయ్యి నాయనా. రేపు ఇంజనీరు చూసేలోపల..."

"లేదు! నేను బిగించినా! నాకు బాగా గుర్తు ఉండాది, నేను..."

గుర్తొస్తుంది.

ఆ రోజు బండి కింద పడుకుని ఉన్నాడు. రెండు బోల్టులూ చేత్తో తిప్పి పెట్టాడు. పాత అలవాటు, శుభ్రంగా ఉన్నప్పుడే టక్ టక్ అని రెండు పసుపు చుక్కలు. పానా అందుకోబోతుండగా పైనుంచి తమ్ముడి కేక.

"అన్నా! ఫ్రిజ్ పని చేస్తాండాది! రా అన్నా, తొలి చల్లనీళ్ళు నీకే! ఎవ్వురికీ ఇయ్యను!"

బయటికి వచ్చాడు. తౌఫిక్ సీసా మూత తీసి ఇచ్చాడు. చేతులకి దుమ్మని తనే అన్న నోట్లో పోశాడు. సగం నీళ్ళు చొక్కా మీద పడ్డాయి. ఇద్దరూ నవ్వారు. ఎంత చల్లగా ఉన్నాయో!

తిరిగి వచ్చి బండి కిందకి తొంగి చూశాడు. రెండు చుక్కలూ ఉన్నాయి. పని అయినట్టే.

పానా ఇసుకలో పడుతుంది.

నూర్ బోల్టుని గుండెకి పొడుచుకుంటున్నట్టు నొక్కుకుంటాడు.

ఉస్తాద్ లేచి అతన్ని పట్టుకుంటాడు. "నీకు తెలీకూడదు అనుకున్నా. ఆ ఒక్కటే అనుకున్నా. వాని బండి పడిందీ ఈడనే, రెండో బోల్టు ఈడనే యాడనో పడుంటాది, అది గూడా దొరికితే రెండింటికీ నా చుక్క పెడదామని... నువ్వేమో కేసు పెడితివి. చెప్పలేకపోయినా, ఆపలేకపోయినా."

"నువ్వు జైలుకు పోతావా? నాకోసం?"

"నాకేముందిరా? నువ్వు ఇది మోస్తా బతకలేవు. ఆ బోల్టు ఇయ్యి..."

దుమ్ములో నీలి వెలుగు తిరుగుతుంది. సైరన్! నూర్ పిలిచిన పోలీసులే.

ఇద్దరు దిగుతారు. ఒకడి చెయ్యి తుపాకీ మీద ఉంది.

"కదలొద్దు! ఫోన్ చేసింది ఎవరు? చంపింది ఎవరు?"

బాబ్జాన్ చెయ్యి ఎత్తుతాడు. "నేను."

జేబులో నుంచి తెల్ల రంగు పెన్ను తీసి చూపిస్తాడు. సంకెళ్ళు ఆ చేతుల వైపు వెళ్తాయి.

"ఆగండి సార్!"

నూర్ ముందుకొస్తాడు. బోల్టు తలని తన చొక్కాతో తుడుస్తాడు. ఉస్తాద్ నేర్పినట్టే, గ్రీజు పోయేదాకా. తెలుపు చివరి మరక కూడా పోతుంది. జేబులోని పసుపు పెన్ను తీసి, రెండూ కలిపి పోలీసు చేతిలో పెడతాడు.

"ఆయన అబద్ధం చెబుతున్నాడు. ఈ చుక్క నాది. వర్క్‌షాపులో ఎవరినైనా అడగండి."

"నూరూ!" ఉస్తాద్ కేక వేస్తాడు.

పోలీసు పసుపు చుక్కని చూస్తాడు. పెన్నుని చూస్తాడు. సంకెళ్ళు చేతులు మారతాయి.

క్లిక్!

జీపు తలుపు దగ్గర నూర్ ఆగుతాడు. ఒక్క మాట అడగాలి. అడక్కపోతే చచ్చిపోతాడు. అడిగినా అంతే.

"ఉస్తాద్... ఆ పొద్దు బండి తీసేటప్పుడు, తౌఫిక్ ఒకసారి కిందికి చూసినాడా?"

బాబ్జాన్ తల దించుకుంటాడు.

"నేనే అడిగినా. 'ఆగరా, బోల్టులు ఒకసారి చూసి పోదువు గాని' అంటి. నవ్వినాడు వాడు..."

"ఏమన్నాడు?"

"'మా అన్న చుక్క పెట్టినాడు, మళ్ళ చూసేదేముంది ఉస్తాద్?' అన్నాడు."

ధడేల్మని జీపు తలుపు పడుతుంది!