బిస్కెట్ కుబుసం

ఆ ఏడాది కెనడాలోని కిచెనర్‌లో స్టూడెంట్లకి గది దొరకడమే గగనం. ఒక్కో బేస్‌మెంట్‌లో ఆరుగురేసి నేల మీద పరుపులేసుకుని సర్దుకుంటున్నారు. అలాంటిది ధాత్రికీ తేజశ్రీకీ ఇద్దరికే ఒక బేస్‌మెంట్ దొరికిందంటే, దాని వెనక ఒక షరతు ఉంది. ఇంటివాళ్ళ అబ్బాయి రోహిత్ చదువుకని హాలిఫాక్స్ వెళ్తూ తన పెంపుడు పాముని కింద గాజుపెట్టెలో వదిలి వెళ్ళాడు. క్రిస్మస్ సెలవులకి వాడొచ్చేసరికి అది బతికుండాలి. లేదంటే గది ఖాళీ చెయ్యాలి. ఇంటావిడ కమలకుమారి ఆంటీ ఆ మాట మొదటిసారి నవ్వుతూనే చెప్పింది. రెండోసారి చెప్పినప్పుడు నవ్వలేదు.

పాము పేరు బిస్కెట్. కొండచిలువ జాతి, విషం లేదు, మణికట్టంత లావు. తేజశ్రీ భీమవరం పిల్ల. దాన్ని పేరుపెట్టి పిలవదు, "పురుగు" అంటుంది. ఖమ్మం మిరపచేలల్లో పాములు చూసి పెరిగిన ధాత్రికి మాత్రం అది పిల్లికూనతో సమానం.

చలి ముదిరాక, హీటర్ వేడికి గదిలో గాలి ఎండిపోయింది. ఇద్దరి మోచేతులూ పొట్టు రాలుతున్నాయి. వాళ్ళు పనిచేసే కాఫీ షాపులో ఒక తెల్లపిల్ల, ఇద్దరి ఎడమ భుజాల మీదా ఉన్న టీకా మచ్చలు చూసి అదేమైనా చర్మరోగమా అని అడిగింది. ఇండియాలో పుట్టినవాళ్ళకి వేసే ముద్ర అని తేజశ్రీ నమ్మబలికింది.

ఆ వేడే బిస్కెట్‌నీ పట్టింది. ముందు దాని కళ్ళు పాలు పోసినట్టు తెల్లబడ్డాయి. కుబుసం విడిచేముందు పాములకి అలా చూపు మసకబారుతుందట. తర్వాత కుబుసం వచ్చింది గానీ, ముక్కలు ముక్కలుగా వచ్చి సగం ఒంటికే అతుక్కుపోయింది. ఆ పాత చర్మం బిగిస్తే తోక చచ్చిపోతుందని, కళ్ళ మీద పొర మిగిలితే గుడ్డిదవుతుందని రోహిత్ వీడియో కాల్‌లో కంగారుపడ్డాడు. గాలికి తేమ పట్టించే హ్యుమిడిఫయర్ పెట్టమన్నాడు. తడి తువ్వాలు మడతల్లోంచి పాకనివ్వమన్నాడు. చేత్తో మాత్రం లాగొద్దన్నాడు.

ధాత్రి లాగలేదు. కానీ ఎవరో లాగుతున్నారు.

పొద్దున లేచి చూస్తే పెట్టె మూత ఓరగా ఉండేది. పాము ఒంటి మీద గోళ్ళతో గీకిన గుర్తులు. ఒకరోజు కొబ్బరినూనె వాసన కూడా వేసింది. ఇంట్లో కొబ్బరినూనె సీసా ఉన్నది తేజశ్రీ దగ్గరే. పురుగు చస్తే పీడ వదులుతుందని చూస్తోందా? గది పోయినా తేజశ్రీకి నార్త్ యార్క్‌లో పెద్దమ్మ కొడుకున్నాడు. తనకెవరున్నారు? ధాత్రి ఆ సీసా తీసి తన సూట్‌కేసులో దాచి తాళం వేసింది. మర్నాడూ అదే వాసన.

మంచు తుఫానని కాలేజీకి సెలవిచ్చిన రోజు, సాయంత్రం కాకుండానే చీకటి పడి, కరెంటు పోయింది. హీటర్ ఆగిపోయింది. పైన ఇంట్లో ఎవరూ లేరు, రోడ్లు మూసెయ్యడంతో ఆంటీవాళ్ళు టొరంటోలోనే చిక్కుకుపోయారు. పెట్టెలో మాత్రం గరగరమని చప్పుడు... ఎండుటాకు మీద ఎండుటాకు రాసినట్టు. ధాత్రి ఇక ఉండబట్టలేక అడిగేసింది, ఎందుకు చేస్తున్నావని.

తేజశ్రీ రజాయి గడ్డందాకా లాక్కుంది. తర్వాత గుసగుసగా అంది.

"నేను కాదే. నువ్వే."

"పిచ్చా నీకు?"

"నిద్రలో లేచి వెళ్తావు. చెయ్యి లోపల పెట్టి కూర్చుంటావు. పిలిస్తే పలకవు... లేపాలంటే భయమేసి ఊరుకున్నా."

దొరికిపోయినవాళ్ళు చెప్పే మాటే ఇది, అనుకుంది ధాత్రి. కానీ పెట్టె చల్లబడిపోతోంది. ఇది చలికి పోతే గదీ పోతుంది. ఫ్లాస్కులో ఉన్న వేణ్ణీళ్ళతో తువ్వాలు తడిపి, పాముని అందులో చుట్టి, ఎడమచేతికి పెనవేసుకుని రజాయి కప్పుకుంది. నిద్రపోకూడదు. తేజశ్రీని కనిపెట్టి ఉండాలి. పాము మోచేతి నుంచి భుజం దాకా మెల్లగా బిగించింది... వదిలింది... బిగించింది. వెచ్చగా. తడిగా. మళ్ళీ కొబ్బరినూనె వాసన.

ఆ వాసన తన వేళ్ళదే.

ఎప్పుడు కన్ను మూతపడిందో తెలీదు. లైట్లు వెలిగేసరికి మెలకువ వచ్చింది. గదంతా పల్చటి ఆవిరి. ఒళ్ళో బిస్కెట్ నిగనిగలాడుతోంది. తువ్వాల్లో మిగిలిన కుబుసమంతా, తల నుంచి తోకదాకా. గది నిలబడింది. ధాత్రికి ఏడుపొచ్చినంత పనైంది. వెంటనే రోహిత్‌కి కాల్ చేసి చూపించింది. కంటి పొరలు కూడా వచ్చేశాయి, ఇక భయం లేదన్నాడు వాడు. తర్వాత ఆగి అడిగాడు.

"అక్కా, పక్కన ఆ ఇంకో పీస్ ఏంటి?"

తువ్వాలు మడతలో ఇంకో పొర. ఉల్లిపొరంత పల్చగా ఉంది. పొలుసులు లేవు. సన్నటి నూగు ఉంది. మధ్యలో గుండ్రంగా, ముడతపడ్డ మచ్చ.

టీకా మచ్చ.

ధాత్రి కాల్ కట్ చేసింది. అనుమానం ముందు తేజశ్రీ మీదికే పోయింది. నిద్రపోతున్నదాని స్వెటర్ భుజం దాకా లాగింది. తేజశ్రీ ఉలిక్కిపడి లేచింది. మచ్చ ఉంది. చోటు కదలకుండా ఉంది.

అప్పుడు ధాత్రి తన చొక్కా చెయ్యి పైకి మడిచింది. వేలితో తడిమింది. ఇంకోసారి తడిమింది. నున్నగా ఉంది. చంటిపిల్ల బుగ్గలా...

"ఆ హ్యుమిడిఫయర్ ఆపవే ముందు," అంది. "గదంతా తెల్లగా కమ్మేసింది. నీ మొహం కూడా ఆనట్లేదు."

తేజశ్రీ ఆమె కళ్ళలోకి చూసింది. గోడకి ఆనేదాకా వెనక్కి జరిగింది.

"అందులో నీళ్ళే లేవే... పొద్దున నువ్వే ఒంపేశావు."